లాగితే బిగిసే ముడి

ఐసు లారీ వెనక్కి వస్తోంది. మేం చేపల రేవు షెడ్డులో రొయ్యలు ఒలుస్తున్నాం. గోడ అవతల పిల్లలు ఏడుస్తున్నారు. రోజూ వినే ఏడుపే కాబట్టి ఎవరం తలెత్తలేదు. అంతలో ఒక్క కేక వినపడింది. పుష్ప చేతిలో ఉన్నదంతా పారేసి పరిగెత్తింది, వెనకాలే మేమందరం.

పుష్ప కూతురు జానూకి ఏడాదిన్నర. నడుముకి కట్టిన తాడు గోడవారన ఇనప గొట్టానికి కట్టి ఉంది. కాలు లారీ చక్రం కింద ఉంది. పిల్ల లారీని చూసింది, పక్కకి జరిగింది కూడా. తాడు ఎంతవరకు జరగనిచ్చిందో అంతవరకే జరిగింది.

కాలేజీల్లో చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మల్కాపురంలో, స్టీల్ ప్లాంటు గేట్ల దగ్గర కాంట్రాక్టు పని కోసం నిలబడే అన్నలూ! ఆ కేక తర్వాత మా కాంట్రాక్టరు కృష్ణంరాజు అన్న మాట వినండి. పుష్ప పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కిందో లేదో, అతను నీళ్ల పైపు తెప్పించి నేల కడిగించాడు. ఆ పైన మావైపు తిరిగి, "ఏటలా నిలబడిపోయారు? సరుకు పాడైపోద్ది, లోపలికి పదండి" అన్నాడు.

సరుకు! రొయ్య పాడవకుండా ఐసు ఉంది, పెట్టె ఉంది, చల్లటి గది ఉంది. ఈగ వాలకుండా జాలీ తలుపు ఉంది. పిల్లకి ఒక గొట్టం, ఒక తాడు ఉన్నాయి. థూ, ఇదీ మన అభివృద్ధి.

అంతకుముందు మా పిల్లలు మా పక్కనే, ఖాళీ ట్రేలలో కూర్చుని ఆడుకునేవాళ్లు. పై దేశం నించి సరుకు కొనేవాళ్లు షెడ్డు చూడ్డానికి వస్తున్నారని కృష్ణంరాజు వాళ్లని బయటికి గెంటించాడు. పరిశుభ్రత అన్నాడు. బయట నాలుగడుగుల్లో రేవు అంచు, కింద లోతు నీళ్లు. పాకే పిల్లని అక్కడ ఊరికే వదిలేసే తల్లి ఎవరైనా ఉంటుందా? అందుకే కట్టాం.

మా సముద్రపు ఇళ్లలో అందరికీ చిన్నప్పుడే వచ్చే ముడి ఒకటుంది. పడవని రేవుకి కట్టే ముడి. లాగిన కొద్దీ బిగుస్తుంది. విప్పాలంటే ముందు లాగడం మానాలి, వదులు చేసి కొసని వెనక్కి తొయ్యాలి. నీళ్లకి భయపడి పుష్ప తన పిల్లకి ఆ ముడే వేసింది. నీళ్లు రాలేదు, లారీ వచ్చింది.

డాక్టర్లు పిల్లని బతికించారు. పాదం మాత్రం తీసెయ్యాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం కృష్ణంరాజు యాపిల్ పళ్లు పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. పుష్ప మొగుడు మోహన్ వేటకెళ్లిన బోటులో ఉన్నాడు, ఇంకా ఒడ్డుకి రాలేదు. పుష్ప పక్కన నేనూ, ఆమె తల్లి గంగాలమ్మా ఉన్నాం.

"చూడమ్మా, ఆఫీసరుగారు ఎంక్వైరీకి వస్తారు. నీ నిర్లక్ష్యమే అని ఒక్క మాట చెప్పు. ఆసుపత్రి సంగతి నేను చూసుకుంటాను, నీ పనీ పోదు. కట్టింది నువ్వే కదా? నేను కట్టమన్నానా?" అన్నాడు పుష్పతో.

అతను వెళ్లాక పుష్ప తన వేళ్లకేసి చూసుకుంటూ కూర్చుంది. "నిజిమే కదప్పా. ముడి నానే ఏసినాను. ఒదులుగా ఏసుంటే నా గుంట జానూ తప్పించుకునేది" అంది నాతో. యాపిల్ పళ్లు ఉన్నపళంగా చెత్తబుట్టలో వేశాను. నా ఒళ్లు మండిపోయింది. కాలు తీసింది చాలక ఆ తల్లి చేత నేరం కూడా ఒప్పించుకోవాలని వచ్చాడు చూశారా, ఆ అసహ్యం నన్ను పట్టుకుని వదల్లేదు.

మర్నాడు వలలు ఆరేసిన చోట అందరం కూడాం. మోహన్ వాళ్ల అన్న దాలయ్య ముందుగా లేచాడు. అతనూ బోటు మీద కూలీయే.

"గొడవెందుకు? ఆడు కరుసు ఎట్టుకుంతానంతన్నాడు కదా, ఒప్పీసుకోండి. రేపు మనల్ని పనికి ఎవులు పిలుత్తారు?"

"ఒరే దాలయ్యా! నువ్వు ఏటకెల్లినప్పుడు నీ గుంటల్ని ఎవులు సూసినారు? నీ పెళ్లాం కట్టిన తాడు సూసినాది. నీకు తెల్దా?" అంది గంగాలమ్మ.

"అయితే ఏటి సేత్తాం?"

అప్పుడు రాధ లేచింది. నిండు చూలాలు. మాలో అందరికన్నా చిన్నది, ఎప్పుడూ నోరు విప్పి ఎరగదు. "జానూ కాలు ఎవులూ తేలేరు. నా కడుపులో ఉన్నదాన్ని ఎక్కడెట్టుకోవాలో సెప్పండి. నాకూ తాడేనేటి?" అంది. దాలయ్య కూలబడ్డాడు.

"అంగన్‌వాడీ లేదేటి? అక్కడెట్టండి" అన్నాడు వెనకనించి ఎవరో.

అంగన్‌వాడీ టీచరు సూర్యకళ అక్కడే ఉంది. గయ్యిమంది. "నా సెంటరు పొద్దెక్కాక తెరుత్తాను. మీ బోట్లు సీకటితో వస్తాయి. చంటిపిల్లల్ని చూడ్డానికి నాకు మనిషిని ఇచ్చారా, చోటు ఇచ్చారా? ఉన్న ఒక్క గదీ కారిపోతంది. జీతం పెంచమంటే పోలీసుల చేత మమ్మల్ని రోడ్డుమీద ఈడ్పించినారు. నన్ను తిట్టకండి. నాను మీతో వస్తాను."

ఆ పూట వాదించుకున్నాం, తిట్టుకున్నాం, చివరికి ఒక మాట మీదకి వచ్చాం. రేవులోనే పిల్లల గది కావాలి. మొదటి బోటు వచ్చే వేళకి తలుపు తెరవాలి. చంటిపిల్లల్నీ తీసుకోవాలి. చూసే మనిషికి ప్రభుత్వమే జీతం ఇవ్వాలి. బాలింత పని మానితే పొయ్యి ఆరిపోకుండా చూడాలి. మా ఒక్క షెడ్డుకి ఇచ్చేసి చేతులు దులుపుకుంటే కుదరదు. ఇటుకలు మోసే తల్లికీ, రోడ్డు ఊడ్చే తల్లికీ ఇది హక్కుగా రాయాలి.

ఎంక్వైరీ చేపల వేలంపాట హాల్లో జరిగింది. ఆఫీసరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఆ రుమాలు తియ్యకుండానే అడిగాడు.

"తల్లి నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగింది. అంతేనా అమ్మా?"

ఒడ్డుకి చేరిన మోహన్ ఆసుపత్రిలో పిల్ల దగ్గర ఉన్నాడు. పుష్ప ఒక్కతే ముందుకి నడిచింది. నేరం ఒప్పుకుంటుందేమో అనుకున్నాను.

"ముడి నానే ఏసినాను సార్."

కృష్ణంరాజు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎయ్యకపోతే గుంట నీల్లలో పడిపోద్ది. లోపలెట్టుకుంటే ఈ బాబు గెంటించీసినాడు. ఇంటికాడ ఒదిలీడానికి ఇంట్లో ఎవులున్నారు? అందరం ఈ రేవులోనే కదా సస్తన్నాం. నాను ముడి కాపోతే ఏటెయ్యాలో మీరే సెప్పండి సార్."

ఆఫీసరు కాయితాలు సర్దుకున్నాడు. "అది మా పరిధిలోకి రాదమ్మా" అన్నాడు.

పరిధి! జానూ తాడుకీ ఉంది పరిధి.

గంగాలమ్మ బొడ్డునించి తాడు ముక్క తీసి బల్ల మీద పడేసింది. "నా మనవరాలిని కట్టింది నా కూతురు. నా కూతుర్ని కట్టింది నాను. నన్ను మాయమ్మ కట్టింది. ఎవులిది బాబూ నిర్లచ్చెం?" అంది. ఆ వెనకే నేను నా కొడుకు తాడు వేశాను. ఇంకొకరు వేశారు. ఇంకొకరు. ఉప్పు నీళ్లకి గట్టిపడ్డ తాళ్లు, పిల్లల ఉచ్చ వాసన కొడుతున్న తాళ్లు. ఆఫీసరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"ప్రతిపాదన పైకి పంపిస్తాం" అంటూ లేచాడు.

మేం మా తాళ్లు తీసుకుని అతని కన్నా ముందు రేవు గేటు దగ్గరికి చేరాం. తాళ్లన్నీ కలిపి పేనాం. నడుం నించి నడుముకి, చివర గేటు ఊచలకి, అదే ముడి. సూర్యకళకి ముడి రాకపోతే రాధ నేర్పింది. ఆఫీసరు కారు లోపలే ఆగిపోయింది. దాని వెనక రొయ్యల లారీలు ఆగిపోయాయి. ఐసు కరిగి నీళ్లు కారుతున్నాయి.

"సరుకు! అమ్మా, సరుకు పోతాది!" అని కృష్ణంరాజు నెత్తి కొట్టుకున్నాడు.

"పైపు తెప్పించు బాబూ. నేల కడిగీసుకో" అంది గంగాలమ్మ.

పోలీసులు వచ్చారు. లాగారు. లాగిన కొద్దీ ముడి బిగిసింది. నడుములు కోసుకుపోయినా ఎవరం కదల్లేదు. ఎస్సై చెమటలు కక్కుతూ పడవలకేసి చూశాడు. మొలలో కత్తి పెట్టుకుని దాలయ్య కనపడ్డాడు.

"ఒరేయ్, ఆ కత్తి ఇలా పట్రా!"

దాలయ్య కత్తి తీశాడు. చేపని ఒక్క వేటుకి కోసే కత్తి అది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మొద్దుదండి, తాడు తెగదు" అంటూ రేవు నీళ్లలోకి విసిరేశాడు. మిగతా పడవల మీద వాళ్లు కత్తులు ఎక్కడ దాచారో, ఏ ఒక్కడి దగ్గరా కత్తి దొరకలేదు. చివరికి ఊళ్లోంచి కట్టరు తెప్పించి కోశారు. నిండు చూలాలని రాధని వదిలేసి, పుష్పనీ, గంగాలమ్మనీ, సూర్యకళనీ, నన్నూ, ఇంకా చేతికందిన వాళ్లందరినీ వ్యాను ఎక్కించారు. తెగిన తాళ్లు మా నడుములకే వేలాడుతున్నాయి. చంకల్లో పిల్లలున్నారు.

స్టేషనులో పిల్లలు బల్లల కింద దూరారు, ఒకడు ఎస్సై లాఠీ పట్టుకుని నాకడం మొదలెట్టాడు. ఎస్సైకి విసుగొచ్చింది.

"ఏంటమ్మా ఈ గోల! పిల్లల్ని ఎవరికైనా అప్పజెప్పి రండి."

పుష్ప తలెత్తింది. "ఎవులికి సార్?"

ఎస్సై పిల్లాడి చేతిలోంచి లాఠీ లాక్కున్నాడు.

"ఎవులికి?" అంది గంగాలమ్మ. "ఎవులికి?" అన్నాం మేమందరం. గోడలు అదిరేలా అరిచాం. బయట రోడ్డు మీద గుమిగూడిన మావాళ్లు అందుకున్నారు. ఆ అరుపులో పిల్లలు ఏడుపు మానేసి మాకేసి చూశారు. జవాబు చెప్పేవాడు ఆ స్టేషనులో లేడు, వీళ్ల ప్రభుత్వంలోనూ లేడు.

మమ్మల్ని ఇంకా వదల్లేదు. మాకు అన్నం తెచ్చినవాళ్లే సంగతులు చెప్పారు. మర్నాడు తెల్లవారేసరికి రేవులో ఒక్క రొయ్య కూడా ఒలవలేదట. మల్కాపురం నించి కాంట్రాక్టు పని ఆడవాళ్లు వచ్చారట, ఇళ్లల్లో పాచిపని చేసేవాళ్లు వచ్చారట, ఎవరి పిల్ల తాడు వాళ్లు పట్టుకుని. సూర్యకళ తోటి టీచర్లు సెంటర్లు మూసి వచ్చారట. వాళ్లందరికీ రాధే ముడి నేర్పి గేటుకి కట్టించిందట.

పోలీసులు గేటు దగ్గరికి రాగానే రాధ కడుపు ముందుకి పెట్టి నిలబడి, తాడు కొస వాళ్లకి అందించిందట.

"లాగండి సూద్దుం" అందట.