టోకెన్ లేని సలహా

రంగు డబ్బా మూత తీస్తే లోపల ఒక ప్లాస్టిక్ బిళ్ళ ఉంటుంది. దాన్ని టోకెన్ అంటాం. డబ్బా కొనేది ఇంటి యజమాని, బిళ్ళ వెళ్ళేది పెయింటర్ జేబులోకి. అతను దాన్ని తెచ్చి నా కౌంటర్ మీద పెడితే నేను డబ్బిస్తాను, నాకు కంపెనీ ఇస్తుంది. "ఏ పెయింట్ మంచిది మేస్త్రీ?" అని యజమాని అడుగుతాడు. మేస్త్రి గోడను తట్టి చూస్తాడు, కిటికీలోంచి ఎండ చూస్తాడు, కాసేపు గడ్డం గోక్కుంటాడు. చివరికి బిళ్ళ విలువ ఎక్కువున్న డబ్బా పేరే చెబుతాడు. సలహాకి పైసా తీసుకోలేదు, ఎంత మంచివాడో అని యజమాని మురిసిపోతాడు. ఆ సలహా ఖరీదు డబ్బా ధరలోనే కలిసి ఉందని నాకు తెలుసు. ధర చీటీ అంటించేది నేనే.

అందుకని ఉచిత సలహా అంటే నాకు నవ్వొస్తుంది. డబ్బు తీసుకుని ఇచ్చే సలహా అంటే భయమేస్తుంది. సరుకు ఇస్తే తూకం వేసుకోవచ్చు, మాటను ఏ త్రాసులో వేస్తాం?

ఇలాంటి నన్ను మా ఆవిడ ఒక సలహాదారు దగ్గరికి తీసుకెళ్ళింది. కారణం సముద్రం.

మా దుకాణంలో రంగులు కలిపే మెషిన్ దగ్గర కూర్చునేది మా ఆవిడే. కస్టమర్ గుడ్డముక్క తెచ్చినా, పగిలిన కప్పు తెచ్చినా, చూసి నంబరు చెబుతుంది. ఒకరోజు షట్టర్ దించుతుంటే షేడ్ కార్డు విసనకర్రలా విప్పి నా ముందు పెట్టింది.

"ఏమండీ, ఇందులో సముద్రం పేరుతో బోలెడు నీలాలున్నాయి. ఇన్నేళ్ళుగా కలిపి అమ్ముతున్నాను. ఒక్కటైనా నిజమేమో వెళ్ళి చూద్దాం."

"ఆదివారం వెళ్దాం."

"ఆదివారం కాదు. ఏడాది. రొట్టెల కంపెనీ వాళ్ళు పాత వ్యాన్ అమ్ముతున్నారు. లోపల మంచం వేయించుకుంటే ఒడ్డు వెంబడి పోతూ ఉండొచ్చు."

"దుకాణం?"

"దుకాణం ఎక్కడికీ పోదు, దానికి చక్రాల్లేవు."

"సరే, డబ్బు? సరిపోదు."

"ఎంత ఉంటే సరిపోతుంది?"

బ్రష్షు నుంచి నిచ్చెన దాకా దేని ధర అడిగినా నిద్రలో కూడా చెబుతాను. ఇది మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ఈ సంగతి మా బావమరిది చెవిన పడింది. వాడు ఒక కంపెనీ పొదుపు పథకాలు అమ్ముతాడు. మర్నాడే నున్నటి కాగితాల కట్టతో దిగాడు.

"అక్కా, ఉన్నదంతా ఇందులో పెట్టు. పదిహేనేళ్ళు కదపకు. తర్వాత వ్యాన్ ఏంటి, ఓడే కొనుక్కో."

"పదిహేనేళ్ళ తర్వాత నన్ను ఓడ ఎక్కించడానికి క్రేను తేవాలిరా."

నేను నా ప్రశ్న అడిగాను. "ఇందులో నీ డబ్బెంత ఉంది?"

"నాదా? భలేవాడివి బావా. మీలాంటి వాళ్ళు పెడితే కదా నాకు జీతమొచ్చేది."

వాడిలో కల్మషం లేదు. అడిగితే నిజం చెప్పేస్తాడు. అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి వాడి బండి నడుస్తోంది.

వాడు వెళ్ళాక మా ఆవిడ అంది, "ఏ కంపెనీకీ చెందని మనిషిని అడుగుదాం. సైకిల్ షాపు పైన ఒకావిడ ఉంది. ఏమీ అమ్మదట. ఫీజు తీసుకుని సలహా చెబుతుందట."

"ఏమీ అమ్మని మనిషికి దుకాణం ఎందుకు?"

"అదీ ఆవిడనే అడగండి."

సైకిల్ షాపు పక్కనున్న మెట్లు నిటారుగా ఉన్నాయి. మా ఆవిడ మధ్యలో ఆగి గోడకేసి చూసింది. ఇంకాస్త ఎక్కి మళ్ళీ ఆగింది. రంగు నంబరు పోలుస్తోందనుకున్నాను. పైన ఆఫీసు అంటే ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీ. కిటికీ కింద గోడ చెమ్మకి పొరలు పొరలుగా లేచిపోయింది. నా కళ్ళు మనిషి కన్నా ముందు గోడ మీద పడతాయి. ఈ గోడ చూసి రెండు లెక్కలు వేశాను. ఈవిడకి సంపాదనైనా లేకపోయి ఉండాలి, దొంగ సంపాదనైనా లేకపోయి ఉండాలి.

ఆవిడకి ఫీజు మేడమ్ అని అప్పుడే పేరు పెట్టేశాను.

"కంపెనీల వాళ్ళు మీకెంత ఇస్తారు?" సూటిగా అడిగాను.

"ఇవ్వరు. ఇచ్చినా తీసుకోను. మీరిచ్చే ఫీజే నా సంపాదన."

"అందరూ అలాగే అంటారు మేడమ్."

"అంటారు. అలా చెప్పి రెండువైపులా తినేవాళ్ళూ ఉన్నారు. అందుకే నా మాట నమ్మొద్దు. మీ వల్ల ఇంకెవరి దగ్గరా డబ్బు తీసుకోనని రాసి, సంతకం పెట్టి ఇస్తాను. ఇదిగో నా లైసెన్సు నంబరు, ఇచ్చిన ఆఫీసుకి ఫోన్ చేసి నా మీద ఫిర్యాదులున్నాయేమో కనుక్కోండి. ఇంకొకటి, మీ డబ్బు నా చేతికి ఇవ్వకండి. నా పేరున చెక్కు రాయమని నేను అన్న రోజు మెట్లు దిగి పారిపోండి."

"ఫీజు కూడా ఇవ్వొద్దా?"

"అది ఇవ్వాలి."

"తగ్గుతుందా?"

"తగ్గదు."

"మళ్ళీ మళ్ళీ వస్తాం కదా."

"మళ్ళీ వచ్చినా ఇంతే. మీకు తగ్గిస్తే కింద సైకిల్ షాపాయనకి ఏం చెప్పను? ఆయనా ఇచ్చాడు."

మా ఆవిడ మొహం తిప్పుకుని నవ్వింది. నా బేరం ఆగిపోవడం ఆవిడకి పండగ.

మేడమ్ మా ఖర్చులు, నిల్వలు, అద్దెలు, మందులు అన్నీ అడిగింది. వచ్చే వారం రమ్మంది. కుర్చీలోంచి లేస్తుంటే నాకు భయం పట్టుకుంది. ఈవిడ సరిపోతుందని చెబితే? రేపటి నుంచి నేను పొద్దున్నే లేచి ఏ షట్టర్ ఎత్తాలి? ఎవరితో బేరమాడాలి?

అందుకే గొడుగు పైనే వదిలేశాను. బేరంలో అసలు మాట ఎప్పుడూ కస్టమర్ మెట్లు దిగి వెనక్కి వచ్చినప్పుడే తేలుతుంది. "గొడుగు మరిచాను, నువ్వు నడుస్తూ ఉండు" అని మా ఆవిడతో చెప్పి మళ్ళీ పైకెక్కాను.

"మేడమ్, మీ గోడ చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. పుట్టీ, ప్రైమరు, రెండు పూతలు. సరుకు నాది, మేస్త్రి నా మనిషి. మీకు పైసా ఖర్చుండదు."

"ఎందుకండీ?"

"మా ఆవిడతో ఒక్క మాట చెప్పండి. ఇంకో రెండేళ్ళు ఆగమని. అబద్ధం కాదు కదా, ఆగితే డబ్బు పెరుగుతుంది."

ఆవిడ గోడకేసి చూసింది. చాలాసేపే చూసింది.

"ఏ రంగు బాగుంటుందంటారు?"

కస్టమర్ రంగు అడిగిందంటే బేరం కుదిరినట్టే. "లేత పసుపు వేయిద్దాం, గది వెలుగొస్తుంది" అన్నాను.

"ఆలోచిస్తాను. నా జవాబు మీ ఇద్దరి ముందూ చెబుతాను" అంటూ గొడుగు చేతికిచ్చింది.

కొన్ని లీటర్ల పెయింటుతో రెండేళ్ళు కొన్నాననే సంబరంతో కిందికి దిగాను. ఆఖరి మెట్టు మీద ఆ సంబరం కాస్తా జారిపోయింది. నా రంగుకి అమ్ముడుపోయేదైతే ఈవిడ మాటకి విలువేముంది? ఫీజు దండగ. అమ్ముడుపోనిదైతే ఆవిడ నిఖార్సైన మనిషి, కానీ నా దుకాణం మూతపడుతుంది. వ్యాపారంలో ఇలాంటి సరుకు ఎప్పుడూ ఎత్తలేదు. ఎటు తిప్పినా సగం లాభం, సగం నష్టం.

ఆ వారమంతా కౌంటర్‌లో పరధ్యానంగా ఉన్నాను. మా పాత మేస్త్రి బిళ్ళలు మార్చుకోవడానికి వచ్చి నా వాలకం చూశాడు. అతనికి దాచేదేముంది, చెప్పేశాను.

అతను బిళ్ళలన్నీ వరసగా పేర్చి నవ్వాడు. "షావుకారూ, అంటే ఆవిడక్కూడా మూత కింద టోకెన్ పెట్టారన్నమాట."

"గొడుగు కోసం వెళ్ళానయ్యా."

"అలవాటైన చెయ్యి, ఊరుకోదు లెండి. ఇంతకీ ఆవిడ తీసుకుందా?"

"తెలియదు."

"తీసుకోకపోతే నాకు చెప్పండి. నా కూతురి చదువు డబ్బు గురించి ఆవిణ్ణే అడుగుతా."

రెండోసారి మెట్లెక్కాం. మేడమ్ మాకు మంచినీళ్ళు ఇచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"లెక్కకి ముందు ఒక సంగతి. పోయినసారి మీవారు గొడుగు కోసం వచ్చినప్పుడు, మిమ్మల్ని రెండేళ్ళు ఆగమని చెబితే ఈ గదికి ఉచితంగా రంగు వేయిస్తానన్నారు. ఫీజు ఇద్దరిదీ. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియకుండా ఉంచను. రంగు నాకొద్దు."

కింద ఎవరో సైకిల్ బెల్లు కొట్టి చూసుకుంటున్నారు. నేను కిటికీ కింది చెమ్మని కొత్తగా చూసినట్టు చూశాను.

మా ఆవిడ తాపీగా అడిగింది. "ఎన్ని పూతలు వేయిస్తానన్నారు?"

"రెండు. పుట్టీ, ప్రైమరుతో సహా" అంది మేడమ్.

"అలాగా. మన వంటింటికి ఒక్క పూతతో సరిపెట్టారు, పుట్టీ లేకుండా."

ముందు నవ్వింది మేడమే. తర్వాత మా ఆవిడ. నాకు నవ్వాలో వద్దో తేలేలోగా నవ్వొచ్చేసింది.

"ఇక లెక్క," అంది మేడమ్. "చాలు."

"ఏం చాలు?"

"మీ దగ్గరున్నది చాలు. వ్యాన్ కొని, ఏడాది తిరిగి, వచ్చాక ఇప్పటిలాగే బతకడానికి సరిపోతుంది. దుకాణం అమ్మకండి, అద్దెకివ్వండి. ఒంట్లో బాగాలేకపోతే అక్కరకొచ్చేలా ఏడాది ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచండి. మిగతాది ఉన్నచోటే ఉండనివ్వండి. మీ తమ్ముడి పథకం మీకొద్దు."

"మరి కొత్తగా ఏం కొనాలి?" అన్నాను.

"ఏమీ కొనక్కర్లేదు. మళ్ళీ ఏడాది దాకా నా దగ్గరికీ రానక్కర్లేదు."

నేను కుర్చీలో వెనక్కి వాలాను. నా కౌంటర్ వెనక నిలబడి 'చాలు' అని ఒక్క కస్టమర్‌కైనా చెప్పి ఎరుగను. ఒక డబ్బా ఎక్కువే తీసుకోండి, మళ్ళీ తక్కువపడితే షేడు కలవదు అంటాను. మా బావమరిది కూడా చెప్పలేడు. అమ్మేవాడి నాలుక ఆ మాట దగ్గరికి వచ్చి పక్కకి తిరుగుతుంది. తన దగ్గరికి కూడా రావొద్దన్న మనిషికి నేను ఇంకేం పరీక్ష పెట్టను?

అయినా ఆఖరి బేరం ఒకటి మిగిలింది. "రెండేళ్ళు ఆగితే ఇంకా పెరుగుతుంది కదా?"

"డబ్బు పెరుగుతుంది. తక్కినవి నా లెక్కలో లేవు, ఆవిణ్ణి అడగండి."

మా ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "ఈ మెట్ల మీద పోయినసారీ రెండుచోట్ల ఆగాను, ఇవాళా ఆగాను. గోడ చూస్తున్నాననుకున్నారు కదూ?"

నేను జేబులోంచి ఫీజు తీసి బల్ల మీద పెట్టాను. తగ్గించమని అడగలేదు.

దుకాణం మేస్త్రికే అద్దెకిచ్చాం. తాళాలు తీసుకున్న రోజే పెయింటర్లు తెచ్చిన బిళ్ళలను వెలుతురులో తిప్పి తిప్పి చూసి, "ఇది మా దుకాణం డబ్బాదేనా?" అని గద్దించడం మొదలెట్టాడు. నేను పక్కన నిలబడి ముచ్చటగా చూశాను. అప్పుడే ఫీజు మేడమ్ వచ్చి లేత పసుపు అడిగింది. ధర విని, "మూత తీయండి" అంది.

మేస్త్రి మూత తీశాడు. ఆవిడ వేలితో బిళ్ళ చూపించింది. "దీని డబ్బు తగ్గించండి."

"అది పెయింటర్‌ది మేడమ్."

"గోడకి రంగు వేసేది కూడా నేనే."

మేస్త్రి నాకేసి చూశాడు. నేను షేడ్ కార్డు చదువుతున్నట్టు నటించాను. తగ్గించాడు.

డబ్బాలు మోయడానికి మా బావమరిది సాయం వెళ్ళాడు. ఎలాగూ వెళ్ళాను కదా అని ఆవిడకే పథకం అమ్మబోయాడట. సాయంత్రం మా ఇంటికొచ్చి నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"బావా, ఆవిడ ఫీజెంత?"

"తగ్గదురా."

"ఎంతైనా సరే. నాకు నా లెక్క చూపించుకోవాలనుంది."

వ్యాన్ లోపల ఇప్పటికీ రొట్టెల వాసన వస్తుంది. వారం కిందట మొదటిసారి నీటి అంచుదాకా వెళ్ళి ఆపాం. మా ఆవిడ చెప్పులు విడిచి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి, షేడ్ కార్డు విప్పి అలల పక్కన పట్టింది. ఒక్కో నీలాన్నీ కళ్ళు చికిలించి పోల్చింది. మబ్బు వచ్చింది, నీళ్ళు బూడిదరంగయ్యాయి. ఎండ వచ్చింది, పచ్చబడ్డాయి.

"ఒక్కటీ కలవడం లేదండీ" అంది. ఇంత సంతోషంగా ఆవిడ ఏ షేడూ తప్పని చెప్పలేదు. "నీలం, కాస్త బూడిద, ఒక చుక్క పచ్చ. నేనైతే కలపగలను. ఎన్ని లీటర్లు పడుతుందో మీరు చెప్పండి."

నేను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. నీళ్ళు నా ప్యాంటు మడతలోకి ఎక్కాయి.

"ఎంత పట్టినా," అన్నాను, "ఒక డబ్బా ఎక్కువే తీసుకుందాం. తక్కువపడితే షేడు కలవదు."

ఆవిడ కార్డుతో నా మీద నీళ్ళు చిమ్మింది.