అడుగని సున్నము

వర్షములు వెలిసి శరత్తు ప్రవేశించిన దినములవి. నీలాద్రిపుర సంస్థానపు కొలువుకూటమున దీపములు వెలిగించు వేళకు పొలములనుండి వీచు వరివెన్నుల వాసన గవాక్షములలో జొచ్చి వత్తిచమురు వాసనతో గలియుచుండెను. శృంగపుర ప్రభువగు ముకుందదేవు ఆ సంస్థానాధీశుడగు జగ్గభూపతి యింటికి విందునకై నాడే ప్రథమముగా విచ్చేసియుండెను.

తాంబూల సామగ్రినుంచు దంతపు అడపము ముందిడుకొని గోడవార బంగారయ్య కూర్చుండియుండెను. తమలపాకు చిలుకలు చుట్టి ప్రభువున కందించుట వాని యుద్యోగము. దాని నూడబెరికి దివానుగారి మనిషి కీయనున్నారను వదంతి చెవిబడినది మొదలు వాడు తిరునాళ్ల నెపమున శృంగపురమునకేగి ముకుందదేవునకు రహస్యముగా తన చేతివిద్య చూపి కొలువిత్తునను మాట బడసియుండెను. విందు ముగియువరకు ఒకరినొకరు ఎరుగనివారివలె మెలగవలెనని వారి యొడంబడిక. ఆనాటినుండి బంట్రోతు చూపును వంటశాలలోని నవ్వును తన్నుగూర్చియే యని వానికి దోచుచుండెను.

క్రొత్త యతిథికి చిలుక చుట్టుటకు ముందు సున్నమెంతయని యడుగుట ఆ కొలువు మర్యాద. భోజనానంతరము బంగారయ్య చేతులు తమ పనిని తామే చేసికొనిపోయెను. వక్క వేయక సున్నము సూదిమొనంత తాకించి యేలకి చేర్చి లవంగము గ్రుచ్చి వాడు చిలుక నందిచ్చెను. ముకుందదేవు నమలుచు తలయూచెను. అది చూచుచున్న జగ్గభూపతి నవ్వుట మానెను.

“ఏట్రా బంగారీ, దొరగారికి సున్నమెంతో అడిగినావా?”

“తప్పయిపోనాది బాబూ. మర్సిపోనాను.”

“సున్నం మర్సిపోనావు, సరే. మరి వక్కేదిరా? దొరగారికి పన్నుపోటేటి? నాకే తెలీదే! నీకు కల్లోకొచ్చి సెప్పినారేటి?”

కొలువంతయు నవ్వెను. జగ్గభూపతి యతిథివైపు దిరిగెను.

“మావోడి సెయ్యి మీకలవాటులాగుంది, బావగారూ. నచ్చితే తీసుకుపోండి.”

బంగారయ్య తలయెత్తి ముకుందదేవుని ముఖము జూచెను.

“ఈ మనిషెవరో నేనెరగను బావగారూ. నా నోటిరుచి ఎవరికాడ కూపీ తీసినాడో! ఇలాటోడి సేతి ఆకు నాకొద్దు” అని యాతడు నోటనున్నదానిని తమ్మపడిగలో నుమిసెను.

జగ్గభూపతి బంగారయ్యను వెడలగొట్టలేదు. మరునాడు వాడు చిలుక చుట్టి యందింపగా ప్రభువు దానిని అరచేత నిడుకొని లవంగము పెరికి మడతలన్నియు విప్పి వెలుతురునకు బట్టి చూచి మరల తానే చుట్టబూనెను. అలవాటులేని వ్రేళ్లలో నది మాటిమాటికి విడిపోవుచుండెను. బంగారయ్య చేయి చాపలేదు. ప్రభువైనను చాపుమనలేదు.