తలమీద ఒట్టు

మా ఆయనకు మొండితనం ఉగ్గుపాలతోనే వచ్చింది. యర్రగొండపాలెం అడవంచున గొర్రెలు మేపుతా కాలికి తుమ్మముల్లు దిగితే, పసరు పూస్తే పోతాదిలే అని పది దినాలు కుంటుకుంటా తిరిగినాడు. పాదం నల్లబడి వాసన కొట్టినంక గానీ బండెక్కలేదు. కర్నూలు రాజధాని అయిన మరుసటేడు ఇది.

బండిలోనే నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకున్నాడు. కాలు తీయనియ్యనని ఒట్టు వెయ్యమన్నాడు. కాలు లేనోడు గొర్రెల వెనక ఎట్ల పోతాడు, మంచంలో పడి బతకడం నావల్ల కాదని ఏడ్చినాడు. ఆ ఏడుపు చూడలేక వేసినా. నా బుద్ధి గడ్డి తిన్నది. తలమీద వేసిన ఒట్టు తప్పితే ఆ తలకే చేటని మాలో పసిబిడ్డకు కూడా తెలుసు.

మార్కాపురం ఆసుపత్రిలో డాక్టరు చూడంగానే మోకాలి కింద తీసెయ్యాల, లేకుంటే రెండు దినాలకు మించి బతకడన్నాడు. ఈయన వద్దన్నాడు. డాక్టరు మంచోడే, తెలివిలో ఉన్న మనిషి వద్దంటే నేను కత్తి పట్టనని పోయినాడు. మధ్యాహ్నానికి జ్వరం తలకెక్కి ఈయన గొర్రెలను పేరుపేరునా పిలవడం మొదలుపెట్టినాడు. అప్పుడు కాగితం తెచ్చి నన్ను వేలిముద్ర వెయ్యమన్నారు.

మరిది చెన్నయ్య వెయ్యి వదినా అంటాడు. నువ్వే వెయ్యరాదా అంటే, పెళ్లానివి నువ్వుండగా నేనెవర్ని అంటాడు. వేస్తే ఒట్టు చంపుతాది, వెయ్యకుంటే చీము చంపుతాది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నన్ను ఆ నడుమ నిలబెట్టి ఈయన మాత్రం గొర్రెలు తోలుకుంటా ఉన్నాడని ఒళ్లు మండింది.

నర్సు ఎలీషబా తడిగుడ్డలు మార్చి మార్చి సాయంత్రానికి కాస్త తెలివి తెప్పించింది. నేను మంచం మీదికి వంగినా.

"మామా, నీ కాలు, నీ పానం. తీయమంటావా, వద్దంటావా? నీ నోటితో చెప్పు."

నా మొకం చూసినాడు. చావంటే భయం ఆ కళ్లలో బాగా కనపడింది. తీయమని ఒక్క మాటంటే ఇద్దరం బయటపడతాం.

"నన్నడుగుతావేంది? ఒట్టేసింది నువ్వు గదా," అని కళ్లు మూసుకున్నాడు.

ఛీ, ఏం మనిషి! మళ్లా జ్వరం కమ్మింది, మళ్లా గొర్రెల్ని పిలుస్తున్నాడు. తిట్టుకుంటా, ఏడ్చుకుంటా వేలు ఒత్తినా.

బతికినాడు. ఇప్పుడు చంకకర్ర మీద దొడ్డి దాకా పోయి గొర్రెపిల్లలకు ఆకు వేసి వస్తున్నాడు. ఆదెమ్మ మొగుణ్ణి దక్కించుకున్నదని ఊరంతా మెచ్చుకుంటారు. నేను మాత్రం ఆయన తలనొప్పి అంటే చాలు, రాత్రంతా నుదురు తడిమి చూస్తా కూర్చుంటా. ఒట్టు ఎప్పుడు తగులుతాదో ఎవరికెరుక? దాన్ని వదిలేసినానని ఆయన నోటితో అంటే నా భయం తీరతాది. మొన్న ఆయనకు మిగిలిన ఒక్క కాలూ పట్టుకుని అడిగినా.

"నేను కాలు లేకుండా బతకాల గదా," అన్నాడు. "నువ్వు ఒట్టుతో బతుకు."

అని అటు తిరిగి పడుకున్నాడు.