డాంగిల్‌లోకి నీళ్లు పోలేదు

రొట్టె మాడిన వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు. "నీ పాణం ఏడున్నదో గని, పొయ్యికాడైతే లేదు," అన్నది మా అత్త ఇందిరమ్మ. మాడింది నా పళ్ళెంలో వేసుకుని, మంచివి నా భర్త మహిపాల్ టిఫిన్ డబ్బాలో సర్దాను. నా పాణం మూడు రోజులుగా సత్తెమ్మ దగ్గరే ఉంది.

వనపర్తిలో ఇబ్రహీం సాబ్ ప్రెస్సులో పెళ్ళి పత్రికలు టైపు చేస్తాను. వైరస్‌లతో కంప్యూటర్ పది రోజులకోసారి పడకేస్తుంటే, రెండువేల తొమ్మిది ఎండాకాలంలో, ఒక పత్రికతో వచ్చిన సీడీ పెట్టి విండోస్ బదులు నేనే లినక్స్ ఎక్కించాను. మా తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు. అందుకని లినక్స్ లోపల వర్చువల్ మెషిన్ పెట్టి, అందులో విండోస్ వేశాను. ఒక కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్ అన్నమాట. సంబరంగా ఇంట్లో చెబితే మహిపాల్ తలెత్తకుండానే అన్నాడు: "టైపు కొట్టి రమ్మంటే ఈ ఇంజనీర్ పనులెందుకు నీకు? ఏదన్న ఖరాబ్ చేసినవని తెల్సిందా, ఆ దినమే నౌకరి బంద్."

ఆ సాఫ్ట్‌వేర్‌కు డాంగిల్ అని వేలెడంత తాళంచెవి ఉంటుంది. దాన్ని యూఎస్‌బీలో పెడితేనే అక్షరాలు పడతాయి. ఈ కొత్త ఏర్పాటులో సోమవారం మొదటిసారి పెట్టాను. లోపలి విండోస్ డాంగిల్ లేదంది. తీసి పెట్టినా అదే మాట.

ఇబ్రహీం సాబ్ వచ్చి చూశారు. "పొద్దుగాల సత్తెమ్మ తడిగుడ్డతోని బల్ల తుడిచింది. నీళ్లు పోయినయ్."

"నేను దాన్ని ముట్టనే లేదు సాబ్," అంది సత్తెమ్మ. ఆ ప్రెస్సు ఊడ్చి తుడిచేది ఆమే.

"ఇగ రేపటి సంది రాకు."

ఆమె నా వైపు చూసింది. నాకు తెలుసు. లినక్స్ జాబితాలో డాంగిల్ పేరు స్పష్టంగా కనిపిస్తోంది. పాడైతే ఆ పేరే రాదు. దాన్ని లోపలి మెషిన్‌కు అప్పగించడం నాకు చేతకాలేదు, అంతే. నోరు తెరిస్తే తప్పు నాదవుతుంది. మహిపాల్ చెవిన పడుతుంది. నేను కీబోర్డు వైపు చూశాను. సత్తెమ్మ చీపురు మూలకు ఆనించి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో గ్లాసు పగిలినా, పాలు విరిగినా నా చేతిదే తప్పు. చెయ్యని తప్పు మీద పడితే ముద్ద ఎట్లా దిగదో పన్నెండేళ్ళుగా తెలిసినదాన్ని. తెలిసీ ఇంకో ఆడమనిషి మీద పడనిచ్చాను. ఇంట్లో నా నోరు నొక్కేది వాళ్ళనుకునేదాన్ని. ఆ రోజు నొక్కుకున్నది నేనే.

గురువారం అన్నం వేళ ఇంటర్నెట్ సెంటర్‌లో వెతికితే దొరికింది. యూఎస్‌బీని లోపలి మెషిన్‌కు పంపే అనుమతి, లినక్స్‌లో వాడకందార్ల పేర్లుండే ఒక గుంపుకే ఉంటుందట. అందులో నా పేరు లేదు. ప్రెస్సుకు వచ్చి చేర్చాను, లాగవుటై మళ్ళీ లాగినయ్యాను, మెషిన్ జాబితాలో డాంగిల్‌కు టిక్కు పెట్టాను. రెండు నిమిషాల పని. అక్షరాలు పడ్డాయి.

"నీళ్లు ఆరినట్టున్నయ్!" అని ఇబ్రహీం సాబ్ నవ్వారు.

ఆ సాయంత్రమే సత్తెమ్మ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో బియ్యం ఏరుతోంది.

"తప్పు నాది సత్తెమ్మక్కా. నీళ్లు పోలే. నాకు మొదటి దినమే తెల్సు."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. "నాతోని చెప్తే నీ బరువు దిగుతది. నా మీద పడ్డ మాట పోతదా? సాబ్‌కు చెప్పు," అని మళ్ళీ చేటలోకి వంగింది.

నేను ప్రెస్సుకు తిరిగి వచ్చేసరికి మహిపాల్ నన్ను తీసుకెళ్ళడానికి బండితో వచ్చి ఉన్నాడు. అతను వెళ్ళేదాకా ఆగుదామా అనిపించింది. ఆగలేదు. ఇద్దరి ముందూ మొత్తం చెప్పాను.

ఇబ్రహీం సాబ్ కళ్ళద్దాలు తీశారు. "మరి నాడే ఎందుకు చెప్పలేదు బిడ్డా?"

"భయమైంది సాబ్."

"విన్నరా?" అన్నాడు మహిపాల్. "గిందుకే నేను వద్దన్న. రేపటి సంది ఈమె రాదు."

మూడు రోజులు ఈ మాటకే వణికాను. విన్న తర్వాత అది ఉత్త మాటే అనిపించింది. మహిపాల్ వైపు తిరగలేదు.

"సత్తెమ్మను మీరే పోయి పిలవాలె సాబ్," అన్నాను. "నేను రేపు తొమ్మిదింటికి వస్త."