నయమైపోయిన పుండు

తొంభై ఏడు ఆగస్టులో నా నాలుక ఎడమ అంచున, విరిగిన దవడపన్ను ఒరుసుకునే చోట, శెనగగింజంత తెల్లమచ్చ లేచింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే కళ్ళనీళ్ళు. మా ఊరి ఆర్‌ఎంపీ చిట్టియ్య టార్చి వేసి చూసి, "వేడి చేసిందండి టీచరుగారూ, మజ్జిగ తాగండి" అని బి-కాంప్లెక్సు బిళ్ళలిచ్చాడు. మూడు నెలలు మింగాను. మచ్చ పోలేదు సరికదా, నడుమ ఎర్రగా పుండు పడింది.

"నాకేదో అనుమానంగా ఉందండి, రాజమండ్రిలో పెద్ద డాక్టరుకి చూపించండి" అని చివరికి చిట్టియ్యే అన్నాడు. ఆ మాట మా ఆయనతో చెప్పాను. మా ఆయన లాజరుగారు మా చర్చిలో సంఘపెద్ద. కోరుకొండ చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఆయన ప్రార్థనంటే గురి. "ముందు మూడు రోజులు ఉపవాసం ఉందాం, తర్వాత చూద్దాం" అన్నారు.

మూడు రోజులూ కొబ్బరినీళ్ళు, మజ్జిగ తప్ప ఏమీ ముట్టలేదు. ఉప్పూకారం తగలని నాలుక మండుతుందా? మంట తగ్గింది. తగ్గిందని ఆయనతో అన్నాను. అన్నందుకు ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకుని, "నా భార్య నాలుక మీది పుండుని దేవుడు ముట్టి స్వస్థపరిచాడండీ!" అని సాక్ష్యం చెప్పేశారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. సంఘమంతా చప్పట్లు. నలుగురిలో మొగుడి మాట కాదనలేక తలూపాను. మర్నాడు ఆవకాయన్నం తింటే ప్రాణం పోయినంత పనైంది.

"ఏమండీ, మళ్ళీ మండుతోంది. రాజమండ్రి తీసుకెళ్ళరూ?"

"సాక్ష్యం చెప్పాక ఆసుపత్రికెళ్తే నలుగురూ ఏమనుకుంటారే? క్రిస్మస్ అవనీ."

క్రిస్మస్ అయ్యాక కన్వెన్షన్ సభలు అవనీ అన్నారు. సభలయ్యాక, ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం అవనీ అన్నారు. బళ్ళో ఎక్కాలు చెప్పడానికి నాలుక తిరగని రోజున, సెలవు పెట్టి ఒక్కదాన్నే బస్సెక్కాను.

డాక్టరుగారు ముక్క తీసి పరీక్షకి పంపారు. వారం తర్వాత కేన్సరన్నారు. "మచ్చగా ఉన్నప్పుడే వస్తే చిన్న ముక్కతో పోయేదమ్మా. చదువుకున్నవారు, ఎనిమిది నెలలు ఏం చేశారు?" అని కోప్పడ్డారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "సంఘానికేం చెప్పమంటావ్?" అన్నారు.

సగం నాలుక కోసేశారు. నాలుగోరోజు పాస్టరుగారు పదిమందిని వెంటబెట్టుకుని వార్డుకొచ్చారు. నోట్లో కుట్లు, ముక్కులో గొట్టం. "ఏమన్నా చెబుతారా అమ్మా?" అని ఆయన అడిగితే, కాగితం తీసుకుని రాశాను: "నా పుండు ఏనాడూ నయం కాలేదు. ఈయన పరువు కోసం దాచాం. నోట్లో పుండు మానకపోతే ఎవరూ ఆగకండి, డాక్టరు దగ్గరకెళ్ళండి."

పాస్టరుగారికి ఇవ్వబోతుంటే మా ఆయన మధ్యలో అందుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివారు.

"అందరికీ వందనాలంటండీ. మీ ప్రార్థనల వల్లే బతికానంటోంది" అని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఒళ్ళంతా మండిపోయింది. కాదు కాదని చెయ్యెత్తి ఊపాను.

"చూశారా," అన్నారు మా ఆయన, "మాట లేకపోయినా చెయ్యెత్తి స్తుతిస్తోంది."