ఫొటోలో బాగోని గొలుసు

ఫొటోల సారు మీద నాకున్న కోపం ఈ జన్మకి చల్లారదు. ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాప్‌కి ఆయన పెద్ద, ప్రతిదానికీ ఫొటో తీస్తాడని ఆ పేరు. నేను అక్కడ పిల్లలకి ఫిట్టింగ్ నేర్పే మేస్త్రీని. ఏడో తరగతిలో బడి మానేసినవాడి కోపం ఎవడికి కావాలి అంటారా, అయినా చెబుతాను. ఆయన చెడ్డవాడు కాడు, అదే నా ఏడుపు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకుందును.

మా దగ్గర పిల్లలు నలుగురేసి ఒక బ్యాచ్. వాళ్ళు చెయ్యాల్సింది రెండు ఇనప పలకలు. ఒకదానికి ముక్కు, ఇంకోదానికి గాడి, ఆకురాయితో అరగదీసి తేవాలి. రెండూ కలిపి లైటుకేసి ఎత్తితే సందులోంచి వెలుతురు కనపడకూడదు. నలుగురిలో ఒకడు అరగదీస్తాడు, ఒకడు కొలుస్తాడు, ఒకడు గోడకానుకుని ఫోను చూసుకుంటాడు. మిగిలిన ఒక్కరు రికార్డు రాస్తారు. ఆ మిగిలేది ఎప్పుడూ ఆడపిల్లే, లేదంటే నోరులేనివాడు. ఎవరూ పెట్టిన రూలు కాదు, అలా నడిచిపోతోందంతే.

ఈ ఏడు అలా మిగిలింది దొరసాని. చక్రాల కుర్చీలో వస్తుంది. "ఎప్పుడు చూసినా కూర్చునే ఉంటుంది, దొరసానికేం!" అని వాళ్ళ బ్యాచ్‌లో పొడుగోడు పెట్టిన పేరు. ఆ పిల్లా తక్కువది కాదు, వాణ్ణి "ఒరే బంట్రోతూ" అనే పిలుస్తుంది. చేతిరాత అచ్చుగుద్దినట్టుంటుంది. అందుకే ఆమె మా బ్యాచ్‌లోకి రావాలంటే మా బ్యాచ్‌లోకి రావాలని అందరూ కొట్టుకున్నారు.

ఒకరోజు రికార్డు మూసి అడిగింది.

"బాబాయ్, నేను ఆకురాయి పట్టుకునేదెప్పుడు?"

"నీకు బల్ల అందదు కదమ్మా."

"అందకపోతే తప్పు నాదా, బల్లదా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎవరి మీదో నాకే తెలీదు. మూలన పడున్న పాత బల్లని లాగి కాళ్ళు కోశాను. పలకని బిగించే వైస్ మోచేతి ఎత్తులో ఉండాలి. కుర్చీలో కూర్చున్న ఆ పిల్ల మోచేతికి సరిపెట్టాను. ఆ పని మీద రెండు రోజులు ఆలస్యంగా ఇంటికెళితే మా ఆవిడ, "ఊగే మంచం కింద చెక్కముక్క పెట్టమంటే తీరికుండదు, ఊళ్ళోవాళ్ళ బల్లలకి మాత్రం ఉంటుంది" అంది.

తీరా దొరసాని ఆకురాయి పట్టుకుని ఒక్క తోపు తోసిందో లేదో, ఇనుము అరగలేదు గానీ కుర్చీ వెనక్కి జారింది. బ్రేకు వేసినా అంతే. నిలబడి తోసేవాళ్ళకే నేర్పినవాణ్ణి, నాకు ఆ సంగతి తట్టనే లేదు. పొడుగోడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దొరసానీ, రివర్స్ గేరు పడింది!"

"నవ్వింది చాల్లే బంట్రోతూ, ఆ గొలుసందుకో" అంది. బల్లకొక కొక్కెం పెట్టించి, దానికీ కుర్చీ చట్రానికీ గొలుసు తగిలించింది. ఆలోచన పూర్తిగా ఆమెదే. ఈసారి తోస్తే ఇనప రజను జలజలా ఒళ్ళో రాలింది. దులుపుకోకుండా అలాగే చూస్తూ కూర్చుంది.

అప్పట్నుంచి రికార్డు వంతులవారీ అన్నాను. పొడుగోడు గోల పెట్టాడు. "బాబాయ్, నా రాత కోడి కెలికినట్టుంటుంది!"

"ఆమె పలకా అలాగే ఉంది. ఆమె నేర్చుకోవట్లా? నువ్వూ ఏడు."

పొట్టివాళ్ళు, నడుంనొప్పివాళ్ళు కూడా ఆ మూలకే చేరారు. సరిగ్గా అప్పుడే ఆ బల్ల ఫొటోల సారు కంట పడింది.

"అద్భుతమయ్యా! ఇది మూలన ఉండాల్సిన వస్తువు కాదు" అన్నాడు. కాలేజీని చూడ్డానికి కమిటీ వస్తోందట. నేను సెలవులో ఉన్న రోజు చూసి ఆ బల్లని ముందు హాల్లోకి మోయించాడు. నీలం రంగు, కాళ్ళ చుట్టూ ప్లైవుడ్, పైన ‘అందరికీ సమాన అవకాశం’ అని బోర్డు. కొక్కెం కోయించేశాడు.

"గొలుసేది సార్?"

"ఫొటోలో బాగోదయ్యా. పిల్లని కట్టేసినట్టుంది."

"మరి పరీక్షకి ఆ పిల్ల దేని మీద చేస్తుంది?"

"చెయ్యక్కర్లేదు. మినహాయింపు రాయించాను. క్లాసు సగటు మార్కులు వేస్తారు. పాపం, ఎందుకు కష్టపెట్టడం?"

ఆ మాట చెబితే దొరసాని మొహం కందగడ్డయింది. "రేపు ఉద్యోగంలో కూడా సగటు పని చేసిపెడతారా నాకు? మినహాయింపు వద్దని రాసిస్తాను బాబాయ్. నా చేత్తోనే చేస్తాను."

రాసిచ్చింది. పరీక్షకి బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరమ్మ, "బల్ల ఎక్కడుంటే అక్కడే చెయ్యనివ్వండి" అంది. హాల్లో నేలంతా నున్నటి రాళ్ళు. నేను గొలుసు పట్టుకొచ్చాను గానీ తగిలించేందుకు బల్లకి ఒక్క పట్టు లేదు. మొదటి తోపుకే కుర్చీ జర్రున గోడ దాకా పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. సగం టైము దానికే సరి. పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను.

తన పని ముగించుకున్న పొడుగోడు వచ్చి, చక్రం వెనక బూటు అడ్డం పెట్టాడు.

"పరీక్షలో సాయం కుదరదు!" అన్నాడు ఫొటోల సారు.

"మిగతావాళ్ళు నేలని తన్ని తోస్తున్నారు సార్. నాకు వీడే నేల" అంది దొరసాని.

ఎగ్జామినరమ్మకి నవ్వొచ్చింది. "ఆ అబ్బాయి చేతులు కట్టుకుని నిలబడితే నాకేం అభ్యంతరం లేదు" అంది. సారు ఆ బూటు కనపడకుండా ఫొటో తీశాడు.

పలకలు కలిపి లైటుకెత్తితే సన్నగా వెలుతురు గీత కనపడింది. సగటు కంటే నాలుగు మార్కులు తక్కువ పడ్డాయి. దొరసాని మాత్రం ఆ పలకల్ని సంచిలో వేసుకుని, "ఇవి నావి బాబాయ్" అంటూ వెళ్ళింది. ఆ గీత ఆమెది కాదు, కొక్కెం కోయించినవాడిది.

కమిటీకి బల్ల తెగ నచ్చిందట, అందుకని హాల్లోనే ఉంటుందట. ఇంకోటి చేస్తానంటే, "చోటెక్కడుందయ్యా?" అన్నాడు సారు. మూలన పాత రికార్డుల బీరువాలు పెట్టించాడు. కొత్త బ్యాచ్ వచ్చింది. ఆ బీరువాకి ఆనుకుని ఒక ఆడపిల్ల ముగ్గురి కోసం రికార్డు రాస్తోంది. వంతుల సంగతి ఎత్తితే, రాస్తున్న పిల్లే "ఫర్లేదు బాబాయ్, నాకలవాటే" అంది.

బీరువాలు జరపమని మళ్ళీ వెళ్ళి అడిగాను. ఎంత చోటు కావాలో కొలిచి చెప్పమన్నాడు సారు. కొలిచాను. బల్లకీ, కుర్చీ తిరగడానికీ కలిపి పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. కుదరదన్నాడు.