నిప్పు లేని సిగరెట్టు

మా కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర ఒక రేకు డబ్బా ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతివాడూ తన అగ్గిపెట్టె, బీడీకట్ట, లైటరు అందులో పడేసి వెళ్లాలి. సాయంత్రం ఎవరిది వాళ్లు ఏరుకోవాలి. ఎంత తెలిసినవాడైనా సరే, వాచ్‌మన్ బాలస్వామి జేబులు తడమందే వదలడు. లోపల ఉండేది ఎండుమిరపకాయ. గోనె బస్తాల్లో, నేల నుంచి కప్పు దాకా. ఒక్క బస్తా రాజుకుందంటే మంట దాకా అక్కర్లేదు, ఆ పొగే మనుషుల్ని చంపేస్తుంది. గుంటూరులో బతికేవాడికి ఈ సంగతి ఇంకొకడు చెప్పక్కర్లేదు.

నా పేరు మరియదాసు. అక్కడ హమాలీల ముఠాకి మేస్త్రీని. మాది కనిగిరి పక్క. ఏడో తరగతిలోనే బడి మానేసి పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పొయ్యిలోకి కట్టెలు ఎగదోసే పనికి పోయాను. సిగరెట్టు అక్కడే పట్టుకుంది, ఇప్పటిదాకా వదల్లేదు. నిప్పంటే ఏమిటో తెలియనివాణ్ని కాదని చెప్పడానికే ఇదంతా.

సీజన్లో లారీలు రోడ్డు దాకా నిలబడి ఉంటాయి. మధ్యలో నేను సిగరెట్టు కాల్చుకోవడానికి గేటు బయటికి పోతే ముఠా అంతా కూర్చుంటుంది. ఇది మా ఓనరు వీరబాబు గారికి గిట్టలేదు. ఒకరోజు నన్ను ఆఫీసులోకి పిలిచి, తన చొక్కా జేబులోంచి వెండిరంగు పెన్నులాంటిది తీసి చూపించారు. కరెంటు సిగరెట్టు. ఛార్జింగ్ పెడితే చాలు, నిప్పు లేదు, బూడిద లేదు, పీలిస్తే ఆవిరి వస్తుందంతే అన్నారు. తను కొన్నేళ్లుగా వాడుతున్నానని, ఉన్నవాటిలో ఇదే మేలురకమని, నువ్వూ ఇది పెట్టుకుంటే బయటికి పోయే పని ఉండదని చెప్పి, తన ఫోనులోంచే నాకూ ఒకటి తెప్పించారు. డబ్బు మాత్రం నాదే.

పెట్టె చూస్తే నగల పెట్టెలా ఉంది. బంగారు అక్షరాలు. కంపెనీ పేరు ఇక్కడ రాయను, వాళ్లకి ప్రచారం నేనెందుకు చెయ్యాలి. ఏడాది వారంటీ అట, రాత్రీ పగలూ పలికే కస్టమర్ కేర్ అట. మొదటిరోజు గేటు దగ్గర బాలస్వామి దాన్ని కూడా డబ్బాలో వెయ్యమన్నాడు. నేను నవ్వాను. "ఇందులో నిప్పేది స్వామీ?" అన్నాను. వాడు ఆఫీసు వైపు చూశాడు. ఓనరు గారు గుమ్మంలోంచే పోనిమ్మని చెయ్యి ఊపారు. కొన్నేళ్లుగా ఏ హమాలీ జేబులోనూ ఆ గేటు దాటి నిప్పు లోపలికి పోలేదు. నా జేబులో పోయింది, అందరూ చూస్తుండగా.

ఆ వస్తువు మొదటి వారం నుంచే నన్ను ఏడిపించింది. బస్తాలుండే ఛాంబర్లో చలి, బయట ఎండ. బయటికి వచ్చేసరికి ఐసు నీళ్ల గ్లాసుకి పట్టినట్టు దానికి చెమట పట్టేది. పీలిస్తే ఆవిరికి బదులు చేదు నీళ్లు నోట్లోకి వచ్చేవి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆపి మళ్లీ ఆన్ చెయ్యమన్నారు. ఇంకోసారి చేస్తే దూదితో తుడవమన్నారు. తుడిచాను. తమకి ఐదు నక్షత్రాలు ఇవ్వమని మెసేజి పంపారు.

ఒక రోజు మధ్యాహ్నం నేను బస్తాల వరస పైన నిలబడి ఉన్నాను. కింద నుంచి మా ముఠాలో బుల్లయ్య బస్తాలు అందిస్తున్నాడు. జేబు దగ్గర వెచ్చగా తగిలింది. అంత చలిలో వెచ్చగా ఉంటే బాగానే ఉందనుకున్నాను, అదీ నా తెలివి. మరుక్షణం చురుక్కుమంది. బయటికి లాగితే ఎర్ర లైటు వెలుగుతోంది, బుస్సుమని చప్పుడు, ఎంత నొక్కినా ఆగదు.

"పడేయ్ మేస్త్రీ, పడేయ్," అని కింద నుంచి బుల్లయ్య.

"ఎక్కడ పడెయ్యన్రా?"

కాళ్ల కింద మిరపకాయ. పక్కన మిరపకాయ. జారిందంటే రెండు బస్తాల సందులో పడుతుంది, ఇక ఎవడూ తియ్యలేడు. గుప్పిట బిగించి దిగాను. ఎలా దిగానో నాకే తెలియదు. ఛాంబర్ తలుపు తోసుకుని బయటికి పరిగెత్తి, గోడకి వేలాడే ఇసక బకెట్లో చేతితో సహా దాన్ని గుచ్చాను. చెయ్యి బయటికి తీస్తే అరచేతి తోలు ఇసకలోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలో కట్టు కట్టించుకుని వచ్చాక నేననుకున్నది ఒకటి. ముఠాని, గోడౌన్ని కాపాడాడని ఓనరు గారు ఓ మంచి మాట అంటారనుకున్నాను. ఆయన అన్నది వేరు.

"ఛాంబర్లోకి నిప్పు తెచ్చావు దాసూ."

తెప్పించింది మీరే కదండీ అన్నాను. నాది ఎన్నేళ్ల నుంచో ఏమీ కాలేదు, నీదే ఎందుకు కాలిందన్నారు. నువ్వేదో గెలికి ఉంటావన్నారు. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. తప్పు ఆ వస్తువుదేనని కంపెనీ వాళ్ల నోటితో చెప్పించు, నేను వింటాను, నీ మేస్త్రీ పని నీదే. లేకపోతే అది బుల్లయ్య చూసుకుంటాడు. అప్పటిదాకా ఇంట్లో ఉండు.

ఇంట్లో రెబ్కా ఉంది. నా భార్య. మిర్చి యార్డు దగ్గర మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోతుంది. ఆ పని చేసే ఆడవాళ్ల వేళ్లకి ఘాటు దిగిపోయి ఉంటుంది, సబ్బుతో ఎన్నిసార్లు కడిగినా పోదు. నా కట్టు మార్చాలని కూర్చుంటే ఆమె వేలు తగిలిన చోటల్లా ప్రాణం పోయేది. చేతులకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని మార్చింది. నా కుడిచెయ్యి పనికిరాదు, ఆమె కలిపి పెడితే నోరు మండుతుంది. స్పూనుతో పెట్టింది. పెడుతూ అన్నది.

"ఆ ముక్క వాళ్లు చెప్పరయ్యా. తప్పు మాదేనని పెద్దోళ్లు చెప్పగా ఎప్పుడన్నా విన్నావా నువ్వు?"

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు.

మూడు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. హిందీకి ఒకటి, ఇంగ్లీషుకి రెండు. తెలుగు కావాలంటే పాట వినాలి. మనిషి దొరికితే నా సంగతంతా మొదటి నుంచి చెప్పాలి, చెప్పడం అయ్యేసరికి లైను ఇంకొకరికి కలుపుతారు. కాలుతున్నప్పటి వీడియో పంపమన్నారు. గుప్పిట్లో కాలుతుంటే వీడియో ఏ చేత్తో తియ్యాలని అడిగాను. సారీ అన్నారు. సారీలకి మాత్రం లోటు లేదు. కోర్టు దగ్గర తెలిసిన గుమాస్తాని కేసు వెయ్యొచ్చా అని అడిగితే, మన దేశంలో అసలు అమ్మకూడని సరుకది, ఊరుకో అని నవ్వాడు.

చివరికి ఒక అమ్మాయి తెలుగులో దొరికింది. పేరు అఖిల అంది. పై అధికారితో మాట్లాడి రేపు పదకొండింటికి తనే ఫోన్ చేస్తానంది. ఆ టైముకి నేను ఓనరు గారి ఆఫీసులో, ఆయన బల్ల ముందు నిలబడి ఉన్నాను. చెప్పిన టైముకే మోగింది, అదొక్కటి ఒప్పుకోవాలి. స్పీకరు పెట్టాను.

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సార్."

"అది సరేనమ్మా. మీ వస్తువు దానంతటదే కాలింది. తప్పు దానిదేనని చెప్పు. మా ఓనరు గారు వింటున్నారు."

"డివైజ్‌ని ఏ టెంపరేచర్‌లో వాడారు సార్?"

"లోపల ఆరు డిగ్రీలు. బయట నలభై మూడు."

"ఆ రెండూ మేం సూచించిన పరిధిలో లేవు సార్."

"అయితే గుంటూరులో వాడొద్దని పెట్టె మీద రాయాల్సింది."

"మీ సూచన నమోదు చేసుకున్నాను సార్."

కొత్త డివైజ్ ఉచితంగా పంపుతామంది. దాంతోపాటు మామిడిపండు వాసన సీసా ఒకటి. నాకేమీ వద్దు, ఆ ఒక్క ముక్క చెప్పు అన్నాను. ఆ అమ్మాయి లైనులోనే ఉండమంది. ఎవరినో అడుగుతున్నట్టుంది. తర్వాత, తమ సంస్థ ఇండియాలో అమ్మకాలు జరపదని, కాబట్టి ఇక్కడి ఘటనల మీద తాము ఏమీ చెప్పలేమని చదివింది. చదివిందనే అంటాను, మాట్లాడలేదు.

"అమ్మనిదానికి వారంటీ ఎట్టా ఇచ్చారమ్మా?"

"ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

లైను కట్ చేశాను. ఓనరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. విన్నావుగా అన్నట్టు చూశారు. నాకు ఆ కుర్చీని, ఆ బల్లని, ఆ ఏసీని కలిపి బయటికి విసరాలనిపించింది. కట్టు ఉన్న చెయ్యి. ఏం విసురుతాను.

అప్పుడు చూశాను, ఆయన చొక్కా జేబు ఖాళీగా ఉంది. నేను వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా పీల్చలేదు. ఎప్పుడూ మాట మధ్యలో పీలుస్తుండే మనిషి. చుట్టూ చూస్తే కిటికీ గట్టు మీద, ఊచల అవతల, స్టీలు పళ్లెంలో ఉంది అది. పళ్లెం నిండా ఇసక.

"మీది అక్కడ పెట్టారేమండీ?"

"ఛార్జింగ్ అయిపోయింది."

"ఛార్జింగ్ అయిపోతే ఇసక ఎందుకండీ?"

ఆయన కాగితాలేవో సర్దుకున్నారు. నేను కదల్లేదు. దాన్ని జేబులో పెట్టుకుని నాతో ఒక్కసారి ఛాంబర్లోకి వచ్చి బస్తాల పైకి ఎక్కండి, ఏమీ కాకపోతే తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుంటాను అన్నాను. ఆయన చెయ్యి జేబు దాకా పోయి, అక్కడ ఏమీ లేదని గుర్తొచ్చినట్టు మళ్లీ బల్ల మీదికి వచ్చింది.

"సోమవారం నుంచి నీ పని నువ్వు చూసుకో."

"తప్పు ఎవరిదండీ?"

"పనిచ్చాను గదయ్యా. ఇంకేం కావాలి?"

అంతే. ఆయన నోటి నుంచీ రాలేదు ఆ ముక్క. రెబ్కా ముందే చెప్పింది. సోమవారం పనిలోకి పోయాను, పోక చస్తానా. బుల్లయ్య పక్కకి జరిగాడు. చెయ్యి మానేదాకా బస్తాలు వాడే మోశాడు.

నెలాఖరున గేటుకి కొరియర్ వచ్చింది. నా పేరు మీద అదే బంగారు అక్షరాల పెట్టె. పైన కార్డు, మా మీద మీకున్న నమ్మకానికి ధన్యవాదాలు అని. బాలస్వామి దాన్ని చచ్చిన ఎలకని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నాడు. అగ్గిపెట్టెల డబ్బాలో మాత్రం వెయ్యలేదు.

"ఎక్కడ పెట్టమంటావు మేస్త్రీ?"

"ఓనరు గారి కిటికీలో పెట్టు. పళ్లెంలో ఇసక ఇంకాస్త పోసి పెట్టు."

వాడు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. బకెట్లోంచి దోసెడు ఇసక తీసుకుని ఆఫీసు వైపు నడిచాడు.